దేవుడి అరలో మందు డబ్బా

పిల్లమ్మకు చదువు రాదు. కాని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తను వంట చేసే వరూధిని వాళ్ల ఫ్రిజ్‌లో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. డబ్బాల మెడలకు రంగు దారాలు కడుతుంది. ఆకుపచ్చ దారమైతే కరివేపాకు, ఎర్రదైతే పచ్చడి, తెల్లదైతే దోసెల పిండి. అరల్లో పూలబొమ్మల షీటు పరిచి, అంచులను కత్తెరతో వంపులుగా కత్తిరిస్తుంది. మాలూరు పక్క పల్లెలో వాళ్లవ్వకు ఉట్టి ఎంతో, పిల్లమ్మకు ఈ ఫ్రిజ్ అంత. ఉట్టి మీద పై కుండ దేవుడి నెయ్యికి అనేది అవ్వ. అందుకే ఇక్కడా పై అర దేవుడిది. పూలు, తమలపాకులు, పూజకు విడిగా తీసిన పాలు తప్ప అక్కడ ఇంకేదీ ఉండకూడదు.

ఆ గురువారం మధ్యాహ్నం, మర్నాటి వరలక్ష్మీ వ్రతానికని ఫ్రిజ్ మొత్తం కడిగింది. తలుపు లోపలివైపు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. సర్దుతుంటే, వరూధిని మామగారు గురుమూర్తిగారి ఇన్సులిన్ డబ్బా మల్లెపూల పక్కన కనిపించింది. కొత్తది, ఇంకా విప్పలేదు.

"రామరామ! సూది మందు తెచ్చి దేవుని పక్కన పెట్టిండారే!" అనుకుంది. కింద అరలన్నీ నిండిపోయాయి. మందు కదా, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని డబ్బాను ఐసు అరలో పెట్టి, ఐదింటికి ఇంటికి బయలుదేరింది.

మడివాళ మార్కెట్లో పూలమ్మే తిరుపాలు దగ్గర ఆగింది. అతను ఐసు ముక్కల మీద గోనెపట్టా, దాని మీద అరటాకు పరిచి, ఆపైన మల్లెలు పోస్తున్నాడు.

"పూలకి ఇన్ని పరుపులెందుకప్పా? నీ పెండ్లానికైనా ఏసినావా ఇట్లా?"

"ఐసు తగిల్తే సచ్చిపోతాయి అక్కా. సల్లగ ఉండాల, గడ్డకట్టకూడదు. మా నాయిన సుగరు మందూ అంతే. ఒకతూరి ఐసులో పెట్టేస్తి. మందులంగడి ఆయప్ప తిట్టి పారేయించినాడు. అది పొడుసుకున్నా నీళ్లు పొడుసుకున్నా ఒగటేనంట!"

పిల్లమ్మ చేతిలోంచి పూలపొట్లం జారింది. దేవుడే ఆ పూట తిరుపాలు నోట పలికాడనుకోవాలి.

గురుమూర్తిగారి భోజనం ఎనిమిదింటికి. దానికి ముందు సూది. "పాత సీసా అయిపోయింది పిల్లమ్మా, రాత్రికి కొత్తది తీయాలి" అని పొద్దున ఆయనే అన్నారు. వరూధినికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పెద్దాయన సాయంత్రం జపంలో కూర్చుంటే ఫోను ఆపేస్తారు. పోయి చెప్తే పదకొండేళ్ల పని పోతుందేమో. చెప్పకపోతే? చారు చెడితే పారబోయచ్చు, మనిషికేమన్నా అయితే?

వచ్చిన దారినే తిరుగు బస్సు ఎక్కింది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు కదలదు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"నువ్వు లేస్తే బస్సు లేస్తుందా అమ్మా?" అన్నాడు కండక్టరు.

"మా పెద్దాయనకి మందు తప్పుగా పెట్టేసి వస్తినప్పా!"

వరూధిని వాళ్ల సందు మొదట్లో స్టాపు లేకపోయినా అతను విజిల్ ఊది బస్సు ఆపించాడు. "దిగమ్మా, బండ్లు చూసుకో."

ఆమె వెళ్లేసరికి గురుమూర్తిగారు సీసాను అరచేతుల మధ్య దొర్లిస్తూ కూర్చున్నారు.

"ఏం పిల్లమ్మా, గొడుగు మరిచావా? ఇదేమిటో ఐసు అరలో దొరికింది, రాయిలా ఉంటే కరగబెడుతున్నా."

"ఏసుకొంటిరా అయ్యా?"

"ఇంకా లేదమ్మా."

పిల్లమ్మ సీసా వైపు చేయి చూపింది. "నేనే ఐసులో పెడితినయ్యా. పూల పక్కన సూది మందు ఉండకూడదని... అది సచ్చిపోయిన మందు. ఏసుకోవద్దండి."

ఆయన సీసాను మెల్లగా బల్ల మీద పెట్టేశారు. "డబ్బా మీద రాసే ఉంటుంది. నాకు ఆ సన్న అక్షరాలు ఆనవు, నీకు అసలే రావు. ఇద్దరం ఇద్దరమే!"

అప్పుడే వచ్చిన వరూధిని అంతా విని ఎర్రబడింది. "నన్నొక్క మాట అడగొచ్చుగా పిల్లమ్మా? ఆయనకేమన్నా అయ్యుంటే?"

"తప్పే అక్కా."

"పరుగెత్తుకొచ్చి చెప్పింది కదమ్మా. ముందు మందు తెప్పించు," అన్నారు పెద్దాయన.

వరూధిని ఫోనులో ఆర్డరు పెట్టింది. కొత్త డబ్బా వచ్చింది. ఆయన ఒక సీసా తీసి సూది వేసుకున్నాక, మిగిలిన డబ్బా పట్టుకుని పిల్లమ్మ ఒక్కో అరా చూసింది. చివరికి వ్రతానికి తడిపి ఆరేసిన పసుపు దారం ఒకటి తెంపి డబ్బాకు చుట్టి, పై అరలో, మల్లెల పక్కనే, ఐసు పట్టే వెనక గోడకు తగలకుండా ముందుకు పెట్టింది.

"వరలక్ష్మమ్మ పక్కనే ఉండనీ అక్కా. ఆయమ్మే చూసుకుంటాది."

"రేపు పెందలాడే రా, పూర్ణాలు చేయాలి," అంది వరూధిని.

పిల్లమ్మ లిఫ్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఒక్కతూరి తలుపు తియ్యక్కా. మందు గోడకి తగల్లేదు కదా?"

వరూధిని ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుంది.