మేష్టారు నేర్పిన పాత పలుకు

మా మేష్టారు పోయారని మంగళవారం మధ్యాహ్నం ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఇస్త్రీ చేస్తున్నదాన్ని ఆగిపోయాను. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇక నాకోసం ఈ గుమ్మం తొక్కేవాళ్ళెవరున్నారని. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

కువైట్‌లోని రుమైథియాలో నేను పనిచేసే ఇంటికి పక్కింటి డ్రైవరు ఆయన. ఊళ్ళో ఉండగా బైబిలు స్కూల్లో గ్రీకు చదివారట. ఇక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చి ప్రార్థనయ్యాక ఖైతాన్‌లోని ఒక గదిలో మా ఆరుగురికీ సువార్తను గ్రీకులో చదవడం నేర్పేవారు. ఒకప్పుడు ఆ భాషలో ఏ అనీ, ఓయ్ అనీ, ఈకీ ఊకీ మధ్యగా ఇంకొకటనీ వేరువేరుగా పలికిన అచ్చులు, వందల ఏళ్ళలో ఒక్కొక్కటే కలిసిపోయి చివరికి అన్నీ 'ఈ' అయిపోయాయట. మాచేత పాత పలుకూ, కొత్త పలుకూ రెండూ చదివించేవారు. అప్పటి సంగతి ఎలా తెలిసిందండీ అని అడిగితే నవ్వారు.

"తప్పులు రాసినోళ్ళ వల్లేనమ్మా. చెవికి రెండూ ఒకలాగే ఇనపడితే రాసే చెయ్యి తడబడదా? అంచేత తప్పుకి బయపడకు."

నాకు సాధన చేసుకునే చోటు వంటిల్లొక్కటే. ఒకరోజు అంట్లు తోముతూ ఏ, ఓయ్ అని దీర్ఘాలు తీస్తుంటే వెనక మామా నిలబడి ఉంది. ఇంటావిడని ఇక్కడ అలాగే పిలుస్తాం. గట్టు మీది నోట్‌బుక్‌లో వింత అక్షరాలు చూసి ఆమె ముఖం పాలిపోయింది. "సిహర్!" అంది. అంటే చేతబడి. పనిమనిషి మీద ఆ మాట పడితే పోలీసులే. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ ఎటుపోయాయో. మేష్టారికి ఫోన్ చేశాను.

వచ్చారు. "మామా, ఇది యూనానీ భాష. ఈసా నబీ మాటలు ముందు ఇందులోనే రాశారు" అని గ్రీకునీ యేసునీ వాళ్ళ పేర్లతోనే అరబ్బీలో చెప్పి, ఆ పేజీ రెండు పలుకుల్లోనూ చదివి వినిపించారు. ఆయనకీ కఫీల్ ఉన్నాడు, అంటే వీసా ఇచ్చిన యజమాని; అతను తలుచుకుంటే పోయే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఉంది. మామా నోట్‌బుక్ మూసి నా చేతిలో పెట్టి, "ఖలాస్, ఇంతటితో చాలు. ఇంకెప్పుడూ నా ఇంట్లో వద్దు" అంది.

గేటు దగ్గర మేష్టారు చెమట తుడుచుకుని, "నాకూ బయమేసిందమ్మా. రాకపోతే నిన్నేం చేద్దురో అనొచ్చేసేను" అన్నారు. ఆ తర్వాత నేను పెదవులు మాత్రమే కదిపేదాన్ని.

ఊరికి పంపేముందు ఆస్పత్రి శవాగారంలో ఆయన్ని చూడనిచ్చారు. మేం ఆరుగురం సువార్తలోంచి తలా ఒక వాక్యం చదవాలనుకున్నాం. నా వంతు వచ్చేసరికి తలుపు దగ్గరి కాపలా మనిషి అనుమానంగా ఇటు తిరిగాడు. అయినా పాత పలుకులోనే, పైకే చదివాను. అతను తలుపు వెయ్యబోయిన చెయ్యి అలాగే ఉంచి, నేను ముగించేదాకా కదలకుండా నిలబడ్డాడు.