నిప్పు లేని గుట్ట

మొన్న మనుమడు కారుల ఊర్లు తిప్పుకుంట నన్ను ఓ చిన్న గుట్ట ఎక్కించిండు. "అవ్వా, ఇది ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం," అన్నడు. పైన గడ్డి మొలిచిన గుంత తప్ప ఏం లేదు. పక్కన ఎవరో పచ్చి సీతాఫలాలు కాలుస్తున్నరు. ఆ వాసనకు నా చిన్నప్పటి గుట్ట యాదికొచ్చింది.

నేను బడికి పోయింది రెండేండ్లే. కొన్ని గుట్టల కడుపుల నిప్పు ఉంటదని సారు చెప్పిన మాట మాత్రం మనసుల పడ్డది. ఓసారి అమ్మ, నాయినతోని ఎద్దుల బండిల అచ్చంపేటకు పోతుంటే నేను ఆకలని ఏడ్చిన. సీతాఫలాలు తెస్తనని అమ్మ గుట్టెక్కింది. జరసేపటికి పైనుంచి పొగ లేచింది.

"నాయినా, గుట్ట పేలుతది! అమ్మ పైన్నే ఉంది!" అని బండిలున్న చిన్న నీళ్ల బిందె ఎత్తుకొని గుట్ట మీదికి ఉరికిన.

పైన అమ్మ నిప్పులు ఊదుకుంట నాకోసం కాయలు కాలుస్తుంది. నేను ఆగలే, ఆ నిప్పుల మీద బిందె బోర్లించిన.

"తాగే నీళ్లన్నీ పారబోస్తివి గదనే, పిచ్చిదానా!" అని అమ్మ తిడుతుంటే ఆమె కాళ్లు గట్టిగ పట్టుకున్న. ఆ తిట్లు ఎంత తియ్యగున్నయో!

"అవ్వా, నీళ్లు తాగు," అని మనుమడు సీసా ఇచ్చిండు. వంగి గుంతల చెయ్యి పెట్టి చూసిన. సల్లగనే ఉంది. అయినా గుట్టను నమ్మలే.

"ఉండనీ. అందరం కిందికి దిగినంక తాగుత," అన్న.