స్టాంపు ఆంటీ దాచిన మాట

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. స్టాంపు ఆంటీ అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. పొరుగు దేశంలో చదవాలన్నా, ఉద్యోగం చెయ్యాలన్నా ఇక్కడి కాగితాలు అక్కడి భాషలోకి మారాలి. అలా తర్జుమా చేసి కింద గుండ్రటి ముద్ర కొట్టే హక్కు ఊళ్ళో ఇద్దరికే ఉంది. ఒకరు ఈవిడ, రెండోవారు పక్క వీధి కళ్ళజోడు మాస్టారు. వీధి గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎంతమంది పిల్లల మార్కులనో దేశం దాటించింది. వెళ్ళినవాళ్ళను చూసి ఎన్నడూ ఈర్ష్య పడలేదు. పరాయి పిల్లలు కదా.

శనివారం తోటికోడలు తన కూతురి కాగితాలు పట్టుకొచ్చింది.

"వచ్చే శుక్రవారంలోగా ఇక్కణ్ణుంచి పంపెయ్యాలట అక్కా. నువ్వుండగా నాకేం బెంగ?"

వందమంది అడిగితే ముగ్గురిని తీసుకునే యూనివర్సిటీ అది. నిరుడు ఆవిడ కొడుకును వద్దన్నదీ అదే. వాడు ఊళ్ళోని కాలేజీలో చేరిపోయాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆవిడే మర్చిపోలేదు.

మార్కుల జాబితా చూసినంతసేపూ బాగానే ఉంది. కొడుక్కీ దాదాపు అన్నే వచ్చాయి. తర్వాత సిఫారసు ఉత్తరం తీసింది. రాసింది లెక్కల మాస్టారు, నిరుడు కొడుక్కి రాసినాయనే. అప్పుడు మూడే ముక్కలు రాశాడు: క్రమం తప్పక వస్తాడు, చెప్పిన మాట వింటాడు, కష్టపడతాడు. ఎద్దు గురించైనా అంతే రాయొచ్చు. ఈ పిల్లకు మాత్రం ఒకటిన్నర పేజీ. 'ఈ అమ్మాయి అడిగిన ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టాను' అట.

ఆవిడ కలం కింద పెట్టి గ్లాసుడు మంచినీళ్ళు తాగింది. కడుపులో మంట చల్లారలేదు. నిన్నగాక మొన్న ఈ బల్ల కిందే పాకుతూ కాగితాలు చింపిన పిల్ల!

ఒక్క మాట తగ్గిస్తే ఎవరికి తెలుస్తుంది? 'అరుదైన' అన్నచోట 'మంచి' అని రాయొచ్చు. చెయ్యి రాలేదు. పనిలో కల్తీ ఆవిడకు చేతకాదు. నాలుగు రోజులు కూర్చుని ఇసుమంతైనా తగ్గకుండా తర్జుమా చేసి, ముద్ర కొట్టింది. ఒక్క మాట మాత్రం నోట్లోనే దాచుకుంది. దగ్గరి చుట్టాలు చేసిన తర్జుమాను ఆ యూనివర్సిటీ ఒప్పుకోదు. ఆవిడదీ ఆ పిల్లదీ ఒకే ఇంటిపేరు, సంతకం చూడగానే కవరు పక్కన పడేస్తారు. అడగలేదు గనక చెప్పలేదు, ఇందులో నా తప్పేముంది అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

బుధవారం పొద్దున తల్లీకూతుళ్ళు వచ్చారు. పిల్ల ఉత్తరం చదివి బుగ్గలు పట్టుకుంది.

"సార్ మరీ ఇంత రాశారా! ఇది నేనేనా పెద్దమ్మా?"

"నేనేం కలపలేదమ్మా." మాట కాస్త పుల్లగానే వచ్చింది.

"అక్క చెయ్యి పడితే అంతే మరి. మీవాడికీ ఇలాగే చేసుంటావు, పాపం. రాత బాగోలేదు, ఏం చేస్తాం," అంది తోటికోడలు.

లోపలి గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న కొడుకు గుమ్మంలోకి వచ్చాడు.

"నాది అమ్మ చెయ్యలేదు పిన్నీ, కళ్ళజోడు మాస్టారు చేశారు. చుట్టాలు చేస్తే వాళ్ళు తీసుకోరు."

తోటికోడలు ఇటు తిరిగింది. "అదేంటక్కా?"

"మర్చేపోయాను. నిరుటి మాట కదా."

"నువ్వా! ఊళ్ళో పిల్లలందరి మార్కులూ నోటికి చెప్తావు, ఇది మర్చిపోయావా?"

పిల్ల ముద్ర ఉన్నవి బల్ల మీదే వదిలేసి, అసలు కాగితాలు మాత్రం ఏరి సంచిలో పెట్టుకుంది.

"పదవే, మాస్టారి దగ్గరికి నేను తీసుకెళ్తా. సాయంత్రానికి అయిపోతే రేపు పొద్దున్నే కొరియర్లో వేసెయ్యొచ్చు," అన్నాడు కొడుకు. బల్ల మీది కాగితాలు కూడా తీసుకున్నాడు. "ఇవి చూసి రాసుకుంటే ఆయనకు పని తేలిక."

మధ్యాహ్నం వాడు తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ వడ్డిస్తూ ఆగలేకపోయింది.

"పెద్ద ధర్మాత్ముడివి బయల్దేరావు. దాని ఉత్తరంలో ఏముందో నీకు తెలీదు."

"సోమవారమే చదివాను. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు."

"చదివి కూడానా?"

"నువ్వే చెప్తావని రెండు రోజులు చూశానమ్మా. కాస్త పెరుగు వెయ్యి."

వేసింది. వాడు కలుపుకుని తింటున్నాడు. ఆ ఒకటిన్నర పేజీ చదివాక తనకు నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు. వీడికి ఎలా దిగుతోంది? గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఈసారి ఆవిడకు ఆ పిల్లను చూసి కాదు, కన్నకొడుకును చూసే ఈర్ష్య పుట్టింది.