బతికున్న బాపును చంపిన సీసా

కొందరు కొడుకులు తండ్రికి తలకొరివి పెట్టి పేరు తెచ్చుకుంటారు. నేను మా బాపు ఇంట్లో కూర్చుని అంబలి తాగుతుండగానే ఆయన చావు కబురు వాడకట్టంతా చాటి పేరు తెచ్చుకున్నాను. అందుకు వాడిన ఆయుధం జానెడు గాజు సీసా. నవ్వండి, ఫరవాలేదు. సిద్దిపేటలో మా వాడకట్టు నిజాం రాజ్యం నాటి నుంచి నవ్వుతూనే ఉంది.

మాది మగ్గం ఇల్లు. గుంటలో కాళ్లు దించి బాపు నేసిన చీర కొంగు మీద గొల్లభామలు నెత్తిన కుండతో నిజంగానే నడిచిపోతున్నట్టుండేవారు. ఆ ఏడు ఆయనకు నడుము నొప్పి పట్టుకుంది. తైలాలు, కాపడాలు అయ్యాయి. నొప్పి తగ్గలేదు సరిగదా, మనిషి పాలిపోయాడు. ఇక నా సంగతి. పద్దెనిమిదేళ్లవాణ్ణి, ఉర్దూ మిడిల్ పాసైనవాణ్ణి. చదువుకున్నవాడు గుంటలో దిగుతాడా? బాపు నడుము పట్టుకుని నేస్తుంటే నేను గట్టున కూర్చుని ఆయనకు లోకజ్ఞానం ప్రసాదించేవాణ్ణి.

చివరికి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు వీపంతా నొక్కి, కనురెప్పలు లాగి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"నడుము నొప్పి శానమందికి ఉంటది బేటా. కానీ ఈ వయసుల మనిషి గిట్ల తెల్లగ పాలిపోతే ఇంకో అనుమానం తీర్చుకోవాలె. బొక్కల లోపటి మూలుగకు వచ్చే రోగం ఒకటున్నది. శాన తక్కువమందికి వస్తది, వస్తే మనిషి దక్కుడు కష్టం. రేపు పొద్దుగాల మీ బాపు మూత్రం సీసల పట్టుకరా."

"దాంట్ల ఏం కనవడ్తది సాబ్?"

పాపం, ఓపికగా చెప్పాడు. "సన్న మంట మీద కాగవెడితే తెల్లగ మబ్బు పట్టాలె. మసిలితే మబ్బు ఇడువాలె. సల్లారితే మళ్ల పట్టాలె. గట్లయితే అనుమానం పెరిగినట్టు. గప్పుడు గూడ రోగం ఖాయం గాదు. రక్తం చూడాలె, పట్నం పోయి బొక్కల ఫొటో తీయించాలె. ఒక్క పరీక్షతోని ఏదీ తేలదు. సమజైందా?"

"సమజైంది సాబ్!"

నాకు సమజైంది మబ్బు దాకానే. మిగతాదంతా చూరు నీళ్లలా చెవి పక్క నుంచి కారిపోయింది.

మర్నాడు పొద్దున మగ్గం పక్క కిటికీలో ఒక సీసా కనబడితే తీసుకుని బాపుకిచ్చాను. ముందు కడిగావా అని అడగకండి. మిడిల్ పాసైనవాడు సీసాలు కడుగుతాడా?

దవాఖానలో డాక్టరు అందులోంచి కొంచెం గాజు నాళికలో పోశాడు. "ఇదేంది, కాగకముందే మబ్బుగున్నది?" అని గొణిగాడు. ఆ మాట వినే చెవి నాకు లేదు. కొంగలా మెడ సాచి మంటనే చూస్తున్నాను. నాళిక మసిలింది, మబ్బు పలచబడింది. చన్నీళ్లలో పెట్టాడు, మబ్బు మళ్లీ చిక్కబడింది. ఇంకేముంది!

"ఆగు బేటా, ఇంకా అయిపోలే," అంటూ డాక్టరు అలమారలోని మరో మందు సీసాకు చెయ్యి చాపాడు. నేను అప్పటికే వీధిలో ఉన్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నేను రోగం తేలకముందే దినాలకు పిలుపులు మొదలుపెట్టాను. దారిలో పలకరించిన ప్రతివాడికీ చెప్పి ఏడ్చాను. ఇంటికొచ్చి బాపు కాళ్ల మీద పడ్డాను.

"ఏందిరా, కాళ్లు మొక్కుతున్నవ్? ఏం పలగ్గొట్టినవ్?"

"బాపూ, మబ్బు పట్టిందే!"

"పట్టనియ్. వాన వడ్తది."

విషయం చెప్పాను. నన్ను కన్న అవ్వ పొయ్యి ముందు కూలబడింది. నా కేకలకు పక్కింటి నుంచి మేనత్త ఉరికొచ్చి బాపును పట్టుకుని రాగం తీసింది.

"అన్నా! పండుగ పండుగకు నాకు చీర వెట్టిన చెయ్యే!"

"ఏ చీరనే? పోయిన పండుగకు పెట్టలేదని నెల దినాలు నాతోని మాట్లాడకపోతివి గదా?"

"సచ్చేటప్పుడన్న ఊకోవే అన్నా, ఏడ్వనియ్!"

బాపు ఏడవలేదు. నేసిన బట్ట చుట్టుకునే మగ్గం దోనె మీద చెయ్యి వేసి, సగం నేసిన చీరను చాలాసేపు చూశాడు. "సగం చీర ఇడిసిపెట్టి పోవుడేందిరా? దీన్నెవలు నేస్తరు?" అన్నాడు. ఆ గొంతు ఇవాళ్టికీ నాకు వినబడుతుంది. నా తెలివితక్కువకు ఆయన ఆ పూట నిజంగానే చచ్చి బతికాడు.

"నేను నేస్త బాపూ! నీ మీద ఒట్టు. బతికినన్ని దినాలు ఈ మగ్గం ఇడువ!" అని అందరి ముందూ దోనె మీద చెయ్యేసి చెప్పాను.

"సరే, దిగు మరి. నాకు పాణం ఉన్నప్పుడే నేర్పుత."

దిగాను. తొక్కుడు చెక్క మీద కాలు పెట్టగానే పోగు తెగింది.

"తెగుతది. కొసలకింత గంజద్ది అతకాలె. గా కిటికీల గంజి సీస అందుకో."

కిటికీ ఖాళీ.

"సీసేదిరా?"

"దవాఖానల ఉన్నది."

"దవాఖానల దానికేం పని?"

బాపు ముఖంలో మబ్బు మెల్లగా విడింది. "గంజి సీసల పోయించినవారా నాతోని!"

అవ్వ కళ్లు తుడుచుకుని లేచింది. "అంటే నేను గింతసేపు గంజికి ఏడ్సిన్నా?"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా ఇంట్లో గంజి లేనిదే ఏడుపు రాలేదు.

అవ్వ స్వయంగా బూడిదతో తోమి, మరగబెట్టిన నీళ్లతో కడిగిన మరో సీసాతో బాపూ నేనూ మళ్లీ దవాఖానకు పోయాం. డాక్టరు బల్ల మీద పాత నాళిక నీలిమందులా మెరుస్తోంది.

"నువ్వు ఉరికినంక అయోడిన్ చుక్క ఏసిన. గంజి ఉంటేనే గిట్ల నీలమైతది. మీ బాపు కడుపుల గంజి కుండ ఉన్నదా, ఏంది?"

కొత్త సీసాలోది కాచితే మొదటి నుంచి చివరిదాకా తేటగానే ఉంది. నేను ఎగిరి గంతేయబోయాను. డాక్టరు భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఒక్క పరీక్షతోని రోగం ఉన్నదని ఎట్ల అనరాదో, లేదని గూడ గట్లనే అనరాదు." రక్తం చూశాడు. పట్నం పంపి బొక్కల ఫొటో తీయించాడు. అన్నీ ముందు పెట్టుకుని అప్పుడు చెప్పాడు: "గా రోగం లేదు. ఒంట్ల రక్తం తక్కువున్నది, మందిస్త. నడుము మాత్రం గుంటల వంగి వంగి అరిగింది. ఇగ మగ్గం ఎక్కొద్దు. నీ బదులు కూసునేటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

బాపు నావైపు చల్లగా చూశాడు.

"ఉన్నడు సాబ్. వాడకట్టంత ఇనంగ ఒట్టు వెట్టిండు."

ఆ తర్వాత బాపు చాలా ఏళ్లు బతికాడు, గట్టున కూర్చుని నాకు లోకజ్ఞానం ప్రసాదిస్తూ. నేను నేసిన మొదటి గొల్లభామకు తల మీద కుండ రాలేదు, కుండ మీద తల వచ్చింది.

కాబట్టి దోనె మీద చెయ్యేసి రెండో ఒట్టు పెడుతున్నాను: డాక్టరు మాట పూర్తయ్యేదాకా కుర్చీ దిగను, కడగని సీసా ముట్టను. మా ఇంటావిడకు మాత్రం నా ఒట్ల మీద నమ్మకం లేదు. ఇప్పుడు నడుము నొప్పి నాది. పరీక్షకు సీసా తనే కడిగి, తనే పట్టుకుపోతుంది. ఫలితం చెప్పేటప్పుడు నన్ను బయట కూర్చోబెట్టి లోపలి నుంచి గడియ పెట్టిస్తుంది.