ఖాజా మాస్టారి చిక్కటి రక్తం

మా ఆసుపత్రిలో నా గదికీ రక్తం తీసే గదికీ మధ్య పల్చటి చెక్క అడ్డం ఒక్కటే. పొద్దున్నే స్పిరిటు దూది వాసన దాన్ని దాటుకుని వస్తుంది. ఆ వాసనకు ఎవరికైనా సూది గుర్తొస్తుంది. నాకు మాత్రం బిర్యానీ గుర్తొచ్చి ఆకలేస్తుంది. దానికి కారణం విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు జంతుశాస్త్రం చెప్పిన ఖాజా మాస్టారు.

మాస్టారిది బొద్దు శరీరం, పెద్ద గొంతు, ఎప్పుడూ ఎర్రగా ఉండే ముఖం. కళ్ళూ అంతే. టీ తప్ప మరో అలవాటు లేని మనిషని మాకు తెలుసు గానీ లోకానికి తెలియదు. పైగా అవి మద్యనిషేధం నడుస్తున్న రోజులు. పామర్రులో ఉన్న తమ్ముణ్ణి చూడ్డానికి ఆయన బస్సెక్కితే చాలు, కంకిపాడు దాటేలోగా తనిఖీకి వచ్చిన కానిస్టేబుల్ బస్సంతా వదిలేసి ఆయన సీటు దగ్గరే ఆగేవాడు.

"ఏదీ, ఒకసారి ఊదండి సార్."

"నమాజు చేసుకునే మనిషినయ్యా."

"ముఖం చూస్తే అలా లేదండీ."

"ఈ ముఖం మా నాన్నదయ్యా. ఆయనుంటే ఆయన్నే ఊదమనేవాణ్ణి" అంటూ మాస్టారు ఊదేవారు. మర్నాడు క్లాసులో తానే కానిస్టేబులూ తానే ప్రయాణికుడూ అయి అదంతా నటించి చూపేవారు. వంశపారంపర్యమనే పాఠం మాకు అలా మొదలైంది.

ఆ ఎరుపు వెనకున్న సంగతి కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడు బయటపడింది. అందరికంటే ముందు మాస్టారే వేలు చాపారు. అప్పట్లో హిమోగ్లోబిన్ చూడాలంటే రక్తపు చుక్కను సన్నటి గాజుగొట్టంలో ఆమ్లంతో కలిపి, పక్కనున్న రంగుతో సరిపోలేదాకా నీళ్ళు పోస్తూ పోవాలి. టెక్నీషియన్ పోస్తూనే ఉన్నాడు. గొట్టం నిండింది గానీ రంగు పలచబడలేదు.

"మీ రక్తం తీసుకోలేమండీ, మరీ ఎక్కువుంది" అన్నాడు డాక్టరు.

"ఉన్నవాడి దగ్గర వద్దని లేనివాడి దగ్గర తీసుకుంటారా?" అని మాస్టారు గొడవపెట్టుకున్నారు.

నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడాది ఇది నవ్వులాట కాకుండా పోయింది. పామర్రులో బట్టల కొట్టు నడిపే తమ్ముడు రఫీకి తలనొప్పులొస్తే పరీక్షలు చేశారు. ఎముకల మూలుగలో జబ్బనీ, రక్తకణాలు అదుపు తప్పి పెరుగుతున్నాయనీ, జీవితాంతం మందులు వాడాలనీ అన్నారు. రఫీ ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. తాను కళ్ళు మూసేలోగా కూతురు నసీమా పెళ్ళి చేసేయాలని, బందరులో చేపల వ్యాపారం చేసే హుస్సేన్ గారబ్బాయితో సంబంధం మాట్లాడాడు.

మాస్టారికి మాత్రం అనుమానం. తన రక్తమూ చిక్కనే, తండ్రి ముఖమూ ఎరుపే. ఆ తండ్రి ఎనభై దాటేదాకా సైకిలు తొక్కాడు. రఫీ రక్తాన్ని హైదరాబాదు పంపించి మరో పరీక్ష చేయించారు. ఫలితం రాగానే నన్ను పిలిచి చెప్పారు.

"చూడమ్మాయ్, ఒంట్లో రక్తం తగ్గితే కిడ్నీలు ఒక హార్మోను పంపుతాయి. మూలుగలోని కణాల మీద దాన్ని అందుకునే గ్రాహకం ఉంటుంది. అది అందుకోగానే ఎర్రకణాలు తయారవుతాయి. పని పూర్తయ్యాక ఆ గ్రాహకం తోక దగ్గర బ్రేకు పడాలి. మావాడికి హార్మోను తక్కువే ఉంది, అయినా పని ఆగటంలేదు. బహుశా ఆ తోకే పొట్టిది. మా మేనత్త అవతలివాళ్ళు ఫోను పెట్టేశాక కూడా మాట్లాడుతూనే ఉంటుంది చూడు, అలాగన్నమాట. అదే నిజమైతే ఇది ఇంటి పోలిక. ఇంటిల్లిపాదినీ చూడాలి. నువ్వూ వస్తున్నావు."

నిశ్చితార్థానికైతే బంధువులంతా ఒకేచోట దొరుకుతారని ఆయన ఎత్తు. గాజుగొట్టాలూ స్పిరిటు దూదీ పట్టుకుని ఇద్దరం పామర్రు వెళ్ళాం. బిర్యానీ డేగిసా పక్కనే బల్ల వేయించి, "వేలు చూపించినవాళ్ళకే ప్లేటు" అని మాస్టారు ప్రకటించారు.

"శుభమా అని పిల్లకు సంబంధం కుదిరితే ఈ సూదులేంట్రా ఖాజా?" అని మేనత్త కేకలేసింది. డేగిసా మూత తీసేసరికి ఆవిడే ముందు వేలు చాపింది. ఆవిడ గొట్టం నిండింది. నసీమాదీ నిండింది. వంటమనిషిది నిండలేదు గానీ, అతను బంధువు కాడు.

ఇదంతా చూస్తున్న హుస్సేన్ గారు ప్లేటు కింద పెట్టేశారు.

"ఖాజా గారూ, పిల్లకేమన్నా జబ్బా అండీ?"

రఫీ గబుక్కున వచ్చి అన్న చెయ్యి పట్టుకుని, "చెప్పొద్దు భాయ్" అన్నాడు గొంతు తగ్గించి. మాస్టారు చెయ్యి విడిపించుకున్నారు.

"జబ్బని నేననుకోవటం లేదండీ. మా వంశంలో వచ్చే లక్షణం. రేపు పుట్టే పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. మీకు చెప్పకుండా పిల్లను మీ ఇంటికి పంపను. ఆలోచించుకోండి."

హుస్సేన్ గారు కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుని వేలు చాపారు. "మాదీ చూడండి. మేం మాత్రం దాచొచ్చా?"

కాసిని నీళ్ళకే ఆయన రంగు పాలిపోయింది.

"మీకు రక్తం తక్కువుందండీ!" అన్నారు మాస్టారు.

"అయితే సంబంధం సరిపోయినట్టే" అని ఆయన మళ్ళీ ప్లేటు అందుకున్నారు.

జన్యువు చదివి చెప్పే ప్రయోగశాల దొరికి ఫలితం వచ్చేసరికి నసీమాకు పాప కూడా పుట్టింది. గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారింది. తోక నిజంగానే పొట్టిది. రక్తవ్యాధుల డాక్టరు రఫీ చేత మందులు మాన్పించి, అవసరమైనప్పుడు కాస్త రక్తం తీయించుకుంటే చాలన్నాడు. రఫీ ఏడుస్తాడనుకున్నాం. అతను మాత్రం అన్నవైపు తిరిగి, "నాన్న అన్నీ నీకే ఎక్కువిచ్చాడనుకున్నాను భాయ్. ఇదొక్కటీ సమానంగా పంచాడు" అన్నాడు. మాస్టారు నవ్వబోయి ముఖం తిప్పుకున్నారు. ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రనే కాబట్టి, ఏడ్చారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మాస్టారు ఇప్పుడు లేరు. వంశపారంపర్య జబ్బుల పరీక్షలు చేయించుకున్నవాళ్ళకు ఫలితాలు వివరించి చెప్పటం నా ఉద్యోగం. మొన్న ఉయ్యూరు నుంచి ఒకావిడ కొడుకు రిపోర్టు పట్టుకొచ్చి, నేను నోరు తెరవకముందే ఏడుపు మొదలుపెట్టింది. నేను రిపోర్టు మూసి పక్కన పెట్టాను.

"మీ అబ్బాయి ఎవరి పోలికండీ?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంకెవరండీ, మా అత్తగారే. ఆ ముక్కూ ఆవిడదే, ఆ మొండితనమూ ఆవిడదే. మా పెళ్ళయిన కొత్తలో ఏం జరిగిందనుకున్నారు..."

బయట ఉన్నవాళ్ళను కాసేపు ఆగమని చెప్పి, నేను కుర్చీని ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.