మా శివారు నియోజకవర్గం రద్దయిన ఏడు

అరవైలలో బళ్ళారి శివారు పేటలకు ఉన్న నియోజకవర్గాన్ని రద్దు చేసి మమ్మల్ని పట్నంలో కలిపారు. మమ్మల్నెవరూ అడగలేదు. అప్పటికి మా వీధికి కొళాయి లేదు. అమ్మ రైలుగేటు అవతలినుంచి నీళ్ళు మోసేది. కొళాయి వేయిస్తానని మాటిచ్చిన పాత ఎమ్మెల్యే దగ్గరికి, పెద్దల ముందుకు ఒట్టి చేతులతో పోకూడదని నిమ్మకాయ పట్టుకుని పోయాను.

"ఇంక శివారు యాడుందప్పా? పట్నం ఆయప్పనడుగు పో," అన్నాడు.

మరో నిమ్మకాయతో పట్నం ఎమ్మెల్యే దగ్గరికి పోయాను.

"మీరు నాకు ఓటేసినోళ్ళా ఏంది? ఎలక్షన్ రానీప్పా, చూద్దాం," అని నవ్వాడు.

ఇద్దరూ నిమ్మకాయలు మాత్రం తీసుకున్నారు.

"ఏమన్నార్రా?" అంది అమ్మ.

"ఎలక్షన్ దాకా మోయాలంట."

"ఆ ఎలక్షన్‌కి మనల్ని ఇంగెవరికి కలుపుతారో అదీ అడిగి రావాల్సింది," అంటూ బిందె ఎత్తుకుంది.