సముద్రం కాగితం, నాపరాతి దుమ్ము

బేతంచెర్ల పక్కన ఒక పాలీషు ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లుగా ఊడుస్తున్న విశ్వాసమ్మకు దుమ్ము సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాపరాయి కోసేచోట లేచే దుమ్ము ఆమె తలలో పడింది, అన్నంలో పడింది, భర్త జయపాల్ ఊపిరితిత్తుల్లో పడి మనిషినే తీసుకుపోయింది. అలాంటిదానికి దుమ్ము తుడవడం నేర్పిస్తానని బయల్దేరాడు సూపర్‌వైజర్ వీరభద్ర. తాతకు దగ్గులు నేర్పినట్టు!

ఫ్యాక్టరీకి ఆరు కెమెరాలు పెట్టిన నాటినుంచి వాటి అద్దాలు తుడిచే పని ఆమెదే. నిచ్చెనెక్కి, జయపాల్ గడ్డానికి సబ్బు రాసుకున్న మెత్తటి బ్రష్షుతో ముందు దుమ్మంతా దులిపేది. నోటితో ఊదేది కాదు, తుంపర పడుతుందని. ఆ తర్వాతే పాత పంచె ముక్కతో, పొడిగా, పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచేది. తడి మాత్రం తగలనిచ్చేది కాదు. నాలుగేండ్లపాటు గేటు దాటే ప్రతి లారీ నెంబరూ ఆ కెమెరాల్లో స్పష్టంగా కనబడింది. బాగా చూసుకుంటున్నావమ్మా అన్న పాపాన ఒక్కరూ పోలేదు.

ఈ ఎండాకాలం కెమెరాలు అమ్మినవాళ్ల దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. సముద్రం ఒడ్డున ఉండే ఊళ్ల కోసం రాసిన కాగితం. ఉప్పుగాలికి అద్దాలు మసకబారతాయి గనుక మూడు రోజులకొకసారి తడిగుడ్డతో బాగా రుద్ది ఉప్పు వదిలించాలని అందులో ఉంది. అక్కడివాళ్లకు అది మంచిమాటే కావచ్చు. వీరభద్ర మాత్రం దాన్ని వేదవాక్యంలా గోడకు అంటించి, ఆమె చేతిలోని బ్రష్షు లాక్కుని తడిగుడ్డ పెట్టాడు.

"ఏమప్పా, ఈడ సముద్రం యాడుండాది?" అంది విశ్వాసమ్మ. "ఉప్పయితే నీళ్లకు కరుగుతాది. రాతిపిండి కరుగుతాదా? దుమ్ము మింద తడిగుడ్డేసి రుద్దితే అద్దమంతా గీతలు పడతాయి. మన మిషన్లు రాయిని అరగదీసేది ఎట్ల? నీళ్లు పోసి రుద్దే కదా!"

"చదువుకున్నోళ్లు రాసినారు మే. నీకేం తెలుసు? చెప్పినట్టు చెయ్."

చేసింది. చేయకపోతే మర్నాటి నుంచి గేటు బయటే. రుద్దినప్పుడల్లా గుడ్డ కింద కరకరమంటుంటే ఆమెకు పళ్లు జివ్వుమనేవి.

నెల తిరక్కుండానే షెడ్డులోని కొత్త మోటారు దొంగల పాలైంది. అంతవరకు కెమెరాల వంక చూసినవాడు లేడు. అప్పుడు చూస్తే ఏముంది, ఆరింటిలోనూ మీగడ కట్టినట్టు తెల్లటి మసక. వచ్చింది ఎవరో, తీసుకుపోయింది ఎట్లాగో తెలియలేదు. వీరభద్ర ముప్పై మంది కూలీల ముందు విశ్వాసమ్మకు వేలు చూపించాడు. "ఈమే రుద్ది చెడగొట్టింది. దొంగలతో కలిసింది ఈ దొంగది!" అని అరిచాడు. రుద్దమన్నది ఆ నోరే! మనిషన్నాక కాస్త సిగ్గుండాలి కదా.

మర్నాడు యజమాని వచ్చాడు. 'నా నిర్లక్ష్యం వల్లే కెమెరాలు చెడిపోయాయి' అని రాసిన కాగితం వీరభద్ర తెచ్చి, సంతకం పెట్టమన్నాడు. విశ్వాసమ్మ చర్చిలో బైబిలు పట్టుకుని కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న మనిషి. ఆ కాగితాన్ని అక్షరం వదలకుండా చదివింది. ఒళ్లు మండిపోయింది. సంతకం పెడితే పోయేది పని ఒక్కటే కాదు. ఆదివారం చర్చిలో దొంగ అనే పేరు మోస్తూ కూర్చోవాలి.

"నేను పెట్టను సార్."

"గుడ్డ పట్టుకునింది నువ్వు, రుద్దింది నువ్వు," అన్నాడు వీరభద్ర, కళ్లద్దాలు పైకి తోసుకుంటూ. "తడిగుడ్డతో తుడిస్తే అద్దం చెడిపోతాదని ఎవరన్నా అంటారా?"

విశ్వాసమ్మ కోతమిషను దగ్గరికి పోయి గుప్పెడు దుమ్ము తీసుకుంది. బకెట్లో గుడ్డ తడుపుకుని తిరిగొచ్చింది. కూలీలంతా పనొదిలేసి చూస్తున్నారు.

"నీ కండ్లద్దాలు ఇట్లియ్యప్పా," అంది. "ఈ దుమ్ము చల్లి, నీ కాగితంలో ఉండేట్టే తడిగుడ్డతో రుద్దుతా. చెడిపోకుంటే నువ్వు చెప్పినకాడ సంతకం పెడతా."

వీరభద్ర చెయ్యి తనంతట తనే లేచిపోయి కళ్లద్దాలను గట్టిగా పట్టుకుంది.

యజమాని ఆ చెయ్యి వంక చూశాడు. తర్వాత సంతకం కాగితాన్ని రెండుగా చించాడు. "సరే పోమ్మా, పని చూసుకో."

ఆమె కదల్లేదు. అంతసేపూ బిగబట్టుకున్న కోపం అప్పుడు గొంతులోకి వచ్చింది. "చూసుకుంటా సార్. దొంగ అనింది ముప్పై మందిలో. కాదనేది గూడా ముప్పై మందిలోనే అనాల."

యజమాని సూపర్‌వైజర్ వైపు చూశాడు. వీరభద్ర నేల చూస్తూ, "తప్పు నాదేలే, ఈమె దొంగ కాదు," అని నసిగాడు.

"గట్టిగా చెప్పప్పా," అంది విశ్వాసమ్మ. "మిషన్ల కాడికి ఇనపడలా."